బిడ్డ పాలు ఎంత?

ఆదిపర్వములోని శకుంతల దుష్యంతుని కొలువునకు ఒంటరిగా రాలేదు; కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. కాళిదాసు నాటకమున ఆమె గర్భవతియై వచ్చును గాని, భారతకథలో బాలుడు తల్లి ప్రక్కనే నిలిచియుండెను. ఆమె వాదించినది ముఖ్యముగా ఆ బిడ్డ హక్కును గూర్చియే. రాజు ఎరుగననెను. అశరీరవాణి పలికినది గనుక వివాదము ఆ సభలోనే ముగిసెను. నేటి న్యాయస్థానములలో అశరీరవాణి పలుకదు. అచట పలుకవలసినవి జీతపు చీటీలు, బ్యాంకు పద్దులు, పాఠశాల రుసుము రసీదులు. అవి ఒక్కొక్కప్పుడు ఆలస్యముగా పలుకును; ఒక్కొక్కప్పుడు అసత్యము పలుకును.

తెలుగున ‘పాలు’ అను మాటకు రెండర్థములు కలవు. ఒకటి పసివాని నోటికి అందవలసిన క్షీరము. రెండవది సంపదలో ఒకరికి రావలసిన భాగము. తలిదండ్రులు ఒక కప్పు క్రింద కాపురము చేయుచున్నంత కాలము ఈ రెండింటికిని నడుమ గల భేదము ఎవరికిని తోచదు. బిడ్డ త్రాగిన పాలకు ఏ యింటను పద్దు వ్రాయరు. వారు విడిపోయిననాడు మొదటి పాలు రెండవ పాలపై ఆధారపడును. బిడ్డకు నెలకు ఎంత కావలెను, అందులో తండ్రి ఎంత, తల్లి ఎంత భరింపవలెను అనునది నాటి నుండి ఒక లెక్క యగును.

ఈ లెక్కను మన దేశమున ఎట్లు చేయుచున్నారో, ఇతర దేశములలో ఎట్లు చేయుచున్నారో తెలిసికొనుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును అనవసరము కాదు. ఏలయన, విడిపోయిన తలిదండ్రుల బిడ్డ పగలెల్ల కూర్చుండునది తరగతి గదిలోనే. రుసుము గడువు దాటినపుడు, క్రొత్త పుస్తకములు రానపుడు, ఆ సంగతి న్యాయవాదికన్న ముందు తెలియునది ఉపాధ్యాయునికే.

బాధ్యత ఎవరిది?

పసిబిడ్డను పోషించుట తండ్రికి వ్యక్తిగతమైన విధియని హిందూ ధర్మశాస్త్రము పూర్వము నుండియు చెప్పుచున్నది. పిత్రార్జితము ఉన్నదా లేదా అను విచారణకును ఈ విధికిని సంబంధము లేదు. ఆస్తి లేనివాడును బిడ్డకు అన్నము పెట్టవలసినవాడే. ఆంగ్లేయుల పాలనలో ఈ విధికి రాజశాసనము తోడయ్యెను. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 488వ సెక్షను, తగిన స్తోమత కలిగియుండియు భార్యను గాని బిడ్డను గాని ఉపేక్షించువానిచే నెలనెల సొమ్ము ఇప్పించుటకు మేజిస్ట్రేటుకు అధికార మిచ్చెను. వివాహమువలన పుట్టిన బిడ్డయా, కాదా అను భేదమును ఆ సెక్షను పాటింపలేదు.

అయితే ఆ సొమ్మునకు ఒక కప్పు పెట్టిరి. 1955కు ముందు నెలకు 100 రూపాయలకు మించి ఇప్పించుటకు వీలులేకుండెను. 1955లో దానిని 500 చేసిరి. 1973లో క్రొత్త కోడు వచ్చి, 488వ సెక్షను 125వ సెక్షనుగా మారినను ఆ 500 మారలేదు. కొన్ని రాష్ట్రములు తమ సవరణలచే హద్దును పెంచుకొన్నవి గాని, కేంద్ర శాసనమున అది 2001 వరకు అట్లే నిలిచెను. నలుబదియారు సంవత్సరములలో బియ్యము ధర ఎన్ని రెట్లు పెరిగెనో, ఉపాధ్యాయుని జీతము ఎన్ని రెట్లు పెరిగెనో ఎరిగినవారికి ఆ 500 రూపాయల కథ విశేషముగా బోధపడును. 2001 సవరణ ఆ హద్దును పూర్తిగా తీసివేసెను. విచారణ ముగియు లోపల మధ్యంతర భరణము ఇప్పించుటకును అధికార మిచ్చి, అట్టి అర్జీని నోటీసు అందిన నాటి నుండి సాధ్యమైనంతవరకు 60 దినములలో తేల్చవలెనని విధించెను. 2024 జూలై 1 నుండి ఈ 125వ సెక్షను స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షను అమలులోనికి వచ్చినది.

ఇది అన్ని మతముల వారికిని వర్తించు మార్గము. హిందువులకు దీనికి తోడుగా 1955 నాటి వివాహ శాసనమున 26వ సెక్షను, 1956 నాటి దత్తత, మనోవర్తి శాసనమున 20వ సెక్షను కలవు. ఈ రెండవ దానిలో ఒక విశేషము గమనింపదగినది. బిడ్డ తన పోషణమును తండ్రి నుండి గాని, తల్లి నుండి గాని కోరవచ్చునని అది చెప్పుచున్నది. అనగా పూర్వము తండ్రి ఒక్కనిదైన భారము శాసనరీత్యా ఇరువురిది అయ్యెను. ముస్లిముల విషయమున, విడాకులు పొందిన స్త్రీల కొరకు 1986లో చేసిన శాసనము బిడ్డల స్వతంత్రమైన హక్కును తగ్గింపజాలదని సర్వోన్నత న్యాయస్థానము 1997లో తీర్పు చెప్పెను.

ఇచట ఒక భ్రమను తొలగించుకొనవలెను. జనసామాన్యము మనోవర్తి యనగా భార్యకు వచ్చు సొమ్మనియే తలచుచుందురు. అందువలన భార్యాభర్తల తగవులో తప్పెవరిది అను ప్రశ్న తేలిన పిమ్మటనే బిడ్డ మాట అని కొందరి వాదము. శాసనము అట్లు చెప్పుట లేదు. తగిన కారణము లేక భర్తను విడిచియున్న భార్యకు భరణము నిరాకరింపబడవచ్చును. తల్లి చేసిన తప్పు బిడ్డకు అంటదు. బిడ్డ ఆ వ్యాజ్యమున సాక్షి కాదు, ఫలము కాదు, పణము కాదు, స్వయముగా హక్కుదారు. తల్లి ఆ సొమ్మును చేత పుచ్చుకొనునది బిడ్డ తరఫుననే.

మన న్యాయస్థానముల లెక్క

ఎంత సొమ్ము ఈయవలెనో చెప్పు పట్టిక ఏదియు మన శాసనములలో లేదు. 1956 నాటి శాసనము 23వ సెక్షనున న్యాయాధిపతి గమనింపవలసిన విషయములను మాత్రము చెప్పినది: ఉభయుల హోదా, కోరువారి న్యాయమైన అవసరములు, వారికి స్వంతముగా గల ఆస్తియు ఆదాయమును, భరణమునకు అర్హులైనవారి సంఖ్య మొదలైనవి. వీని నన్నిటిని త్రాసున వేసి తూచుట న్యాయాధిపతి విచక్షణకే విడువబడెను.

విచక్షణ యనగా ఊహ కాదు గదా. అందువలన ఏండ్ల తరబడి తీర్పులలో కొన్ని పద్ధతులు ఏర్పడినవి. వానిలో మూడింటిని చూడవచ్చును.

మొదటిది, నాలుగవ వంతు పద్ధతి. భర్త నికర వేతనములో నూటికి 25 వంతులు భార్యకు న్యాయమైన మొత్తమని సర్వోన్నత న్యాయస్థానము 1970లో ఒక తీర్పున అంగీకరించెను. 2017లో మరియొక తీర్పున దానిని స్మరించెను. ఆ రెండవ వ్యాజ్యమున భర్త నెలసరి నికర వేతనము 95 వేల రూపాయలకు పైబడి యుండెను. ఉన్నత న్యాయస్థానము 23,000 రూపాయలు నిర్ణయింపగా, భర్త మరల వివాహమాడి మరియొక బిడ్డకు తండ్రి అయినందున సర్వోన్నత న్యాయస్థానము దానిని 20,000 చేసెను. ఈ తీర్పులను బట్టి నాలుగవ వంతే శాసనమని పలువురు పొరపాటు పడుచున్నారు. అది శాసనము కాదు. ఒక కొలబద్ద మాత్రమే. అదియును ప్రధానముగా భార్యను ఉద్దేశించినది. బిడ్డలు ఒక్కరైనను ముగ్గురైనను అదియే వంతు సరిపోవునని ఎవరును చెప్పలేదు.

రెండవది, భాగముల పద్ధతి. ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 2004లో ఒక తీర్పున కుటుంబ ఆదాయమును ఒక కేకుతో పోల్చెను. సంపాదించువానికి ఆ సంపాదనకై అయ్యెడు అదనపు వ్యయమును తలచి రెండు భాగములు, తక్కిన వారికి తలకొక భాగము. ఒక ఉదాహరణము తీసికొందము. తండ్రి నికర వేతనము 60,000 రూపాయలు, తల్లికి ఆదాయము లేదు, బిడ్డ ఒక్కడు. తండ్రికి రెండు, తల్లికి ఒకటి, బిడ్డకు ఒకటి, మొత్తము నాలుగు భాగములు. ఒక్కొక్క భాగము 15,000. తల్లీబిడ్డలకు కలిపి 30,000. ఇద్దరు బిడ్డలైనచో భాగములు అయిదగును, ఒక్కొక్కటి 12,000, తల్లికిని బిడ్డలకును కలిపి 36,000. బిడ్డ పెరిగిన కొలది మొత్తము పెరుగును గాని, ఒక్కొక్కరి భాగము తగ్గును. ఉమ్మడి కుటుంబమున పెరిగిన వారికి ఈ లెక్క సుపరిచితమే.

మూడవది, దామాషా పద్ధతి. తల్లియు ఉద్యోగము చేయుచున్నచో ఏమి చేయవలెను? 2000లో సర్వోన్నత న్యాయస్థానము ముందునకు అట్టి వ్యాజ్యము వచ్చెను. తండ్రి జీతము తల్లి జీతమునకు సుమారు రెట్టింపు. బిడ్డలు ఇద్దరు. న్యాయస్థానము ముందుగా ఒక్కొక్క బిడ్డకు నెలకు 3,000 రూపాయలు కావలెనని నిర్ణయించెను. పిమ్మట ఆ భారమును తండ్రి రెండు పాళ్లు, తల్లి ఒక పాలు వంతున భరింపవలెనని చెప్పెను. ఇద్దరు బిడ్డలకు 6,000. అందులో తండ్రి 4,000, తల్లి 2,000. ఈ పద్ధతిలోని గుణము ఏమనగా, లెక్క బిడ్డ అవసరమునుండి మొదలగును. తలిదండ్రుల శక్తి ఆ తరువాత వచ్చును. తక్కిన రెండు పద్ధతులలో లెక్క జేబునుండి మొదలగును.

ఈ మూడు పద్ధతులలో ఏది గైకొన్నను మొదట తేలవలసినది ఆదాయము. ఆదాయమునుండి వేటిని తీసివేయవచ్చును అనుట దానికంటెను చిక్కు ప్రశ్న. ఆదాయపు పన్ను, విధిగా కట్టవలసిన భవిష్యనిధి తీసివేయుట సాధారణాచారము. తనంతట తాను తీసికొన్న కారు అప్పునకు కట్టు వాయిదాలను, స్వేచ్ఛగా చేయు పొదుపును చూపి బిడ్డ భాగమును తగ్గింపుమనుట న్యాయస్థానములకు సాధారణముగా సమ్మతము కాదు. కారు వాయిదా ముందు, బిడ్డ వాయిదా వెనుక అను క్రమమును న్యాయము ఒప్పుకొనదు.

2020 నవంబరు 4న సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పు ఈ విషయమున ఒక మైలురాయి. ఉభయులును తమ ఆదాయమును, ఆస్తులను, అప్పులను, వ్యయములను నిర్ణీతమైన నమూనాలో ప్రమాణ పత్రముగా దాఖలు చేయవలెనని అది దేశమంతటికి విధించెను. భరణము అర్జీ పెట్టిన నాటి నుండియే లెక్కింపబడవలెనని చెప్పెను. అంతకు ముందు కొన్ని న్యాయస్థానములు అర్జీ తేదీ నుండియు, కొన్ని తీర్పు తేదీ నుండియు ఇప్పించుచుండెను. ఈ రెండు తేదీల నడుమ భేదము చిన్నది కాదు. నెలకు 6,000 రూపాయల భరణము తేలుటకు 20 నెలలు పట్టినదనుకొందము. తీర్పు తేదీ నుండి లెక్కించినచో బిడ్డ కోలుపోవునది 1,20,000 రూపాయలు. అనగా వ్యాజ్యమును సాగదీసినవానికే లాభము. 2020 తీర్పు ఆ లాభమును తొలగించెను. బిడ్డల అన్నవస్త్రములు, నివాసము, వైద్యము, చదువు భరణములో చేరుననియు, చదువు వ్యయమును సాధారణముగా తండ్రి భరింపవలెననియు, తల్లికి చాలినంత సంపాదన యున్నచో ఇరువురును దామాషాగా పంచుకొనవచ్చుననియు ఆ తీర్పు చెప్పెను.

పట్టికలు గల దేశములు

అమెరికాలో మార్గము వేరు. 1984లో చేసిన శాసనము ప్రతి రాష్ట్రమును బిడ్డ భరణమునకు లెక్క సూత్రములను ఏర్పరచుకొనుమని కోరెను. 1988 శాసనము ఆ సూత్రమువలన వచ్చిన అంకెయే సరియైనదని ముందుగా భావింపవలెనని విధించెను. న్యాయాధిపతి దానిని దాటి పోవచ్చును గాని, ఎందువలన దాటెనో వ్రాతపూర్వకముగా చెప్పవలెను. నాలుగు సంవత్సరముల కొకసారియైనను సూత్రములను పునఃపరిశీలింపవలెను.

విస్కాన్సిన్ రాష్ట్రమున ఈయవలసిన తండ్రి లేక తల్లి స్థూలాదాయములో ఒక బిడ్డకు నూటికి 17, ఇద్దరకు 25, ముగ్గురకు 29, నలుగురకు 31, అయిదుగురు లేక అంతకు మించినవారికి 34 వంతులు. తెలుగు కుటుంబములు అధికముగా స్థిరపడిన టెక్సాసులో నికరాదాయమున ఒక పరిమితి వరకు ఒక బిడ్డకు 20, ఇద్దరకు 25, ముగ్గురకు 30 వంతులు. ఈ అంకెలలో విద్యార్థులు గమనింపవలసిన గణిత ధర్మము ఒకటి కలదు. ఇద్దరు బిడ్డలకు వంతు రెట్టింపు కాలేదు. ఒకే గది, ఒకే దీపము ఇద్దరకు సరిపోవును. మొదటివాని చొక్కా రెండవవానికి వచ్చును. వ్యయము బిడ్డల సంఖ్యతో పెరుగును గాని, అదే నిష్పత్తిలో పెరుగదు. మన తల్లులు ఏ పట్టికయు చూడకయే ఎరిగిన సత్యమిది.

అమెరికా రాష్ట్రములలో అధిక భాగము మాత్రము మరియొక పద్ధతిని అవలంబించుచున్నవి. తెలుగువారు పలువురు నివసించు న్యూజెర్సీ అందులో ఒకటి. అచట తల్లి ఆదాయమును, తండ్రి ఆదాయమును కలుపుదురు. అంత ఆదాయముగల కుటుంబము కలిసియుండినచో బిడ్డకు ఎంత వ్యయము చేసియుండునో పట్టికలో చూతురు. ఆ మొత్తమును ఇరువురి ఆదాయముల నిష్పత్తిలో పంచుదురు. తండ్రికి నెలకు 6,000 డాలర్లు, తల్లికి 4,000 డాలర్లు వచ్చుచున్నవనుకొందము. కూడిక 10,000. బిడ్డకు 1,500 కావలెనని పట్టిక చెప్పినదనుకొన్నచో తండ్రి భాగము నూటికి 60 వంతులు, అనగా 900. తల్లి భాగము 600. తల్లి వద్ద బిడ్డ ఉన్నచో ఆమె 600 ఇంటిలోనే ఖర్చగును. తండ్రి 900 పంపవలెను. మన సర్వోన్నత న్యాయస్థానము 2000లో చేసిన దామాషా లెక్కయు స్వభావమున ఇదియే. భేదమెల్ల పట్టిక ముందుగా అచ్చుపడి యుండుటలోనే కలదు.

బ్రిటనులో 2012 నుండి అమలులోనికి వచ్చిన పద్ధతి ఇంకొక విధము. అచట భరణమిచ్చువాని స్థూలాదాయమును పన్నుల శాఖనుండియే తెప్పింతురు. కావున దాచుట అంత సులభము కాదు. వారమునకు 800 పౌనుల వరకు ఆదాయముపై ఒక బిడ్డకు నూటికి 12, ఇద్దరకు 16, ముగ్గురు లేక అంతకు మించినవారికి 19 వంతులు. బిడ్డను పెంచుచున్న వారి ఆదాయము లెక్కకు రాదు. కాని బిడ్డ ఏడాదిలో ఎన్ని రాత్రులు రెండవవారి యింట నిదురించునో అది లెక్కకు వచ్చును. 52 మొదలు 103 రాత్రుల వరకు ఏడవ వంతు తగ్గింపు, 104 మొదలు 155 వరకు ఏడింట రెండు వంతులు, 156 మొదలు 174 వరకు ఏడింట మూడు వంతులు, ఆపైన సగము.

ఈ లెక్కను ఒకసారి వేసి చూడదగును. తండ్రి వారపు ఆదాయము 700 పౌనులు, బిడ్డ ఒక్కడు. నూటికి 12 వంతున 84 పౌనులు. బిడ్డ తండ్రి యింట ఏడాదికి 51 రాత్రులు ఉన్నచో 84 అట్లే నిలుచును. 52 రాత్రులైనచో 72 అగును. వారమునకు 12 పౌనుల తేడా; ఏడాదికి 624 పౌనులు. ఆ ఒక్క రాత్రి వెల అంత. తండ్రి ఆ రాత్రి బిడ్డను పిలుచుకొనునది ప్రేమచేతనా, తగ్గింపుకొరకా? తల్లి పంపకుండునది బిడ్డ జ్వరముచేతనా, 12 పౌనుల కొరకా? సూత్రము ఎంత స్పష్టమైనదైనను, దాని గట్టుమీద నిలిచిన బిడ్డను ఇరువైపుల లాగు వీలు దానిలోనే కలదు.

సూత్రమా, విచక్షణయా?

కావున సూత్రమును గ్రుడ్డిగా పొగడుటకు వీలులేదు. మూగవాడైన బిడ్డకు, నిత్యము వైద్యము కావలసిన బిడ్డకు, సంగీతమునందో గణితమునందో అసాధారణ ప్రజ్ఞ గల బిడ్డకు ఒకటే వంతు వర్తింపజేయుట న్యాయము కాదు. న్యాయాధిపతి విచక్షణ ఇట్టి బిడ్డను ప్రత్యేకముగా చూడగలదు.

అయినను విచక్షణకు గల లోపమును దాచరాదు. ఒకే జీతము, ఒకే వయస్సుగల బిడ్డ, ఒకే తరగతి చదువు. ఒక జిల్లాలో 4,000, పొరుగు జిల్లాలో 9,000 అగుటకు వీలున్నది. ఎంత వచ్చునో ముందుగా తెలియనప్పుడు తండ్రి తక్కువకై పోరాడును, తల్లి ఎక్కువకై పోరాడును. పోరాటమునకు న్యాయవాదులు కావలెను. వారికి రుసుము కావలెను. బిడ్డకు చేరవలసిన సొమ్ములో కొంత ఆ దారిలోనే ఇంకిపోవును. అంకె ముందుగా అచ్చులో కనిపించినచో పలువురు న్యాయస్థానము మెట్లెక్కకయే ఒప్పుకొందురు. ధర పలకపై వ్రాసిన అంగడిలో బేరము తక్కువ.

మన దేశమున పట్టిక సాధ్యము కాదని చెప్పువారి వాదమును కూడ వినవలెను. జీతపు చీటీ గలవారు ఇచట కొందరే. కౌలురైతు ఆదాయము వానను బట్టి, ఆటో నడుపువాని ఆదాయము దినమును బట్టి మారును. చిల్లర వర్తకుడు తన లెక్కను తానే సరిగా ఎరుగడు, ఎరిగినను చెప్పడు. ఈ వాదములో నిజము లేకపోలేదు. కాని దీనికి సమాధానము సగము ఇప్పటికే తీర్పులలో ఉన్నది. ఒడలు గట్టిగానున్నవాడు ఆదాయము లేదని తప్పించుకొనజాలడనియు, శ్రమచేసియైనను భార్యాబిడ్డలను పోషింపవలెననియు సర్వోన్నత న్యాయస్థానము 2022లో చెప్పెను. రాష్ట్ర ప్రభుత్వములు వృత్తులవారీగా కనీస వేతనములను ప్రకటించుచునే యున్నవి. ఆదాయము రుజువు కానిచోట ఆ వేతనమును క్రింది మెట్టుగా గైకొనవచ్చును. న్యాయాధిపతిని బంధించు పట్టిక అక్కరలేదు. ఆయనకు దారి చూపు పట్టిక చాలును. దానిని దాటినపుడు కారణము వ్రాయవలెనను నియమము ఉన్నచో విచక్షణయు నిలుచును, సమానత్వమును నిలుచును.

అంకె తేలిన పిమ్మట

లెక్క సరిగా వచ్చినంత మాత్రమున సొమ్ము చేతికి వచ్చినట్లు కాదు. ధరలు పెరుగును. ఏడాదికి నూటికి 6 వంతుల చొప్పున పెరిగినవనుకొన్నచో, నేడు 6,000 రూపాయలకు వచ్చు వస్తువులకు పదేండ్ల తరువాత సుమారు 10,745 రూపాయలు కావలెను. చక్రవడ్డీ సూత్రము నేర్చిన విద్యార్థి దీనిని స్వయముగా సరిచూచుకొనవచ్చును. ఒకటవ తరగతిలో నిర్ణయించిన భరణము పదవ తరగతినాటికి సగము విలువకు సమీపించును. పరిస్థితులు మారినపుడు మొత్తమును మార్పించుకొనుటకు శాసనమున వీలున్నది. కాని అందుకై మరల అర్జీ, మరల వాయిదాలు. కొన్ని న్యాయస్థానములు ఏటేట ఇంత పెరుగవలెనని తీర్పులోనే వ్రాయుచున్నవి. ఇది అందరును అనుసరింపదగిన మంచి పద్ధతి.

చెల్లింపనివానికి శిక్ష కలదు. బకాయి పడిన ఒక్కొక్క నెలకు ఒక నెల వరకు ఖైదు విధింపవచ్చును. చెరసాలకు పోయివచ్చినచో బాకీ తీరిపోవునని కొందరు తలంతురు. అది నిజము కాదని సర్వోన్నత న్యాయస్థానము 1989లోనే స్పష్టముగా చెప్పెను. ఖైదు చెల్లింపజేయుటకు సాధనమే గాని, చెల్లింపునకు బదులు కాదు. మరియొక సంగతి తల్లులు తప్పక తెలిసికొనవలెను. బకాయి పడిన నాటి నుండి ఒక సంవత్సరము లోపల వసూలునకు అర్జీ పెట్టుకొనవలెను. ఆలసించినచో ఈ సులభమార్గము మూసుకొనిపోవును.

తండ్రి విదేశమునకు పోయినచో చిక్కు పెరుగును. బ్రిటను న్యాయస్థానముల సొమ్ము తీర్పులలో కొన్నిటిని మన న్యాయస్థానములు నేరుగా అమలుజరుపుటకు శాసనమున ఏర్పాటు కలదు. అమెరికాతో మనకు అట్టి ఏర్పాటు లేదు. అచటి తీర్పును పట్టుకొని ఇచట మరల వ్యాజ్యము వేయవలసినదే. వేలకొలది తెలుగు యువకులు అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న ఈ కాలమున ఇది కాగితము మీది లోపము మాత్రమే కాదు. గుంటూరులోనో కరీంనగరులోనో అమ్మమ్మ యింట పెరుగుచున్న పసివారి కంచములోని లోపము.

ఇన్ని పద్ధతులలోను లెక్కకు రానిది ఒకటి మిగిలినది. రాత్రి మేలుకొని జ్వరము చూచినవారి శ్రమకు, ఉదయము జడవేసి బడికి పంపినవారి గడియలకు ఏ పట్టికలోను వరుస లేదు. రాత్రులను లెక్కించు బ్రిటను పద్ధతియు వానిని తగ్గింపుగానే చూచినది. ఉద్యోగము మానుకొని బిడ్డను పెంచుచున్న తల్లిని ‘ఆదాయము లేనిది’ అను గడిలో వ్రాయుదురు. ఆమె ఇచ్చుచున్నది మాత్రము ఏ గడిలోను పట్టదు. న్యాయాధిపతులు దామాషా లెక్క వేయునపుడు ఈ సంగతిని మరువకుండుట అవసరము. తండ్రి పంపు సొమ్ము ఉపకారము కాదు, తల్లి చేయు సేవ ఊరక వచ్చునది కాదు. ఇవి రెండును ఒకే బాకీలోని రెండు వాయిదాలు.

త్రైరాశికము, నిష్పత్తి, చక్రవడ్డీ బోధించు ఉపాధ్యాయుడు ఎప్పుడైన ఒక దినమున రైళ్లను, నీటి తొట్లను విడిచి, ఒక బిడ్డ నెల వ్యయమును నల్లబల్లపై వ్రాయించి ఇరువురు పెద్దల నడుమ పంచుమని విద్యార్థులను కోరవచ్చును. పేరులు అక్కరలేదు. తరగతిలో ఏ మూలనో కూర్చున్న ఒక బాలుడు తన కొరకు జరుగుచున్న తగవు తన తప్పు కాదనియు, తాను ఎవరికిని భారము కాదనియు, తనకు రావలసినది భిక్ష కాదు, భాగమనియు ఆ లెక్కవలన గ్రహించినచో, ఆ పాఠము పరీక్షలో రాకున్నను వ్యర్థము కాదు.